కండువా కింద పట్టిన వేళ్ళు

రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు నన్ను అవినీతి నిరోధక శాఖ కర్నూలు యూనిట్‌కు ఇన్‌స్పెక్టరుగా వేశారు. ఇదేమీ పాతకాలపు ముచ్చట కాదు. ప్రతి రైతు జేబులో ఫోను, ప్రతి కూడలిలో ఫ్లెక్సీ వచ్చేసిన రోజులే. నేను చేరింది ఆదోని మార్కెట్‌కు కొత్త పత్తి దిగుతున్న కాలంలో. ఆ యార్డు పక్క సందులో పుట్టి పెరిగినవాణ్ణి కనక జిల్లా పడమటి వైపు నుంచి వచ్చే ఫిర్యాదులన్నీ నా బల్ల మీదికే తోసేవారు. ఖాదర్ సారుకైతే ఆ యాస తెలుసు అనేవారు. యాస తెలిసినంత మాత్రాన దొంగ దొరుకుతాడా? అయితే ఈ ఒక్క కేసులో మాత్రం నిజంగానే నా పుట్టిన సందు పనికొచ్చింది.

ఏ పార్టీ, ఏ నాయకుడు అని అడగొద్దు. చెప్పను. కండువా రంగు చెబితే సగం చెప్పినట్టే, కాబట్టి అదీ చెప్పను. అప్పట్లో అధికారంలో ఉన్న పార్టీ, అక్కడి ఎమ్మెల్యే, ఆయన దగ్గర పీఏగా చలామణీ అయ్యే మద్దిలేటి అనే మనిషి. ఇంతవరకు తెలిస్తే చాలు. పేర్లు కూడా మార్చాను.

ఫిర్యాదు తెచ్చినవాడు ఈరన్న. గోనెగండ్ల మండలంలో మెట్ట రైతు, ఒక జత ఎద్దులున్నవాడు. భార్య ఉలిగమ్మను వెంటబెట్టుకుని కర్నూలు ఆఫీసుకు వచ్చాడు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు మామూలుగా అవతలి పార్టీ వాళ్ళయి ఉంటారు, లేదా ఏ పార్టీకీ చెందని వ్యాపారులు. ఈరన్న మెడలో ఆ ఎమ్మెల్యే పార్టీ కండువానే ఉంది. ఏమయ్యా, కండువా వేసుకుని ఆ కండువా మీదే ఫిర్యాదు చేయడానికి వచ్చావా అని అడిగాను. కండువా మీద కాదు సార్ అన్నాడు.

ఊళ్ళో అంగన్‌వాడీ ఆయా పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తు పెట్టినవాళ్ళలో చదువు, స్థానికత, అన్నీ సరిపోయింది ఉలిగమ్మ ఒక్కదానికే. రూలు ప్రకారం ఆమెకు రావాలి. కానీ ఆఫీసులో ఆమె కాగితం కదలలేదు. అడిగితే, ఎమ్మెల్యే పీఏను ఒకసారి కలవండి అన్నారు. ఈరన్న ధైర్యంగానే వెళ్ళాడు. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ఆ ఊరి బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చునేది అతనే. ఏజెంటు అంటే పోలింగు గదిలో అభ్యర్థి తరఫున కూర్చుని, వచ్చే ఓటరు అసలు మనిషో కాదో చూసే మనిషి. ఇంటి ముందు పార్టీ జెండా దిమ్మె సొంత సిమెంటుతో కట్టుకున్నాడు. అలాంటివాడి దగ్గర మద్దిలేటి ముప్పై వేలు అడిగాడు.

"నోటితో అడిగినాడా?" అన్నాను.

"నోటితో యాడ అడుగుతాడు సార్? ఆయప్ప నోరు తెరిస్తే పార్టీ మాటే మాట్లాడతాడు. లెక్కంతా యేళ్ళతోనే. కండువా కప్పి యేళ్ళు పడతాడు."

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న ఉలిగమ్మ ఉన్నట్టుండి అందుకుంది. "ముప్పై వేలంటే ఒక ఎద్దు అమ్మల్ల సార్. ఎద్దును అమ్మి నన్ను ఆయాను చేస్తే, మడక కాడ రెండో ఎద్దు పని ఈయప్ప చేస్తాడా అడగండి." నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఈరన్న మీద కాదు.

మద్దిలేటి మొదట ఎమ్మిగనూరు సంతలో ఎద్దుల దలాలి. ఒకప్పుడు సంతలోనూ, మా ఆదోని మార్కెట్లోనూ బేరం నోటితో జరిగేది కాదు. దలాలి తువ్వాలు పరిచి, దాని కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని పదులో, వందలో, వేలో, పదివేలో. అది సరుకును బట్టి ఇద్దరికీ తెలుసు. చుట్టూ యాభైమంది నిలబడ్డా ధర మూడోవాడికి తెలియదు. మా నాన్న పత్తి దలాలి. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని తువ్వాలు ఎగిరెగిరి పడటం చూస్తూ పెరిగాను. మద్దిలేటి ఆ పనితనాన్ని రాజకీయంలోకి తెచ్చాడు, అంతే. తువ్వాలు బదులు కండువా.

మా డీఎస్పీ గారు కోస్తా వైపు మనిషి, నిదానస్తుడు. ఆయన దగ్గర విషయం పెట్టాను. ఆయన కొట్టిపారేయలేదు కానీ నిజం చెప్పారు. లంచం కేసులో రెండు సంగతులు రుజువు కావాలి: అడిగినట్టు, పుచ్చుకున్నట్టు. జేబులో నోట్లు దొరికినా, అడిగినట్టు రుజువు లేకపోతే కోర్టులో కేసు నిలవదు. అప్పు తీర్చాడు, చందా ఇచ్చాడు అని వకీళ్ళు వంద కథలు చెబుతారు. ఇంకో చిక్కు, మద్దిలేటి ప్రభుత్వోద్యోగి కాదు. ఇలాంటి కేసులు ఉద్యోగుల మీదే పెడతారని జనం అనుకుంటారు. కాదు. ఉద్యోగి చేత పని చేయిస్తానని చెప్పి డబ్బు పుచ్చుకున్న ప్రైవేటు మనిషి మీద కూడా పెట్టవచ్చు. అయితే పని చేయిస్తానన్న మాట కూడా రుజువు కావాలి. అంటే మాకు నోటిమాట కావాలి. వేళ్ళకు నోరెక్కడిది?

ముందు రహస్య విచారణ. ఫిర్యాదు నిజమా అబద్ధమా అని తేల్చుకోకుండా మేం కేసు కట్టం. ఈరన్న చొక్కా లోపల రికార్డరు పెట్టి ఎమ్మిగనూరు పంపాము. మద్దిలేటి కూర్చునేది ఒక ఎరువుల దుకాణం వెనక గదిలో. నేను ఎదుటి హోటల్లో టీ తాగుతూ కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. కండువా లేచింది, పడింది. ఈరన్న బయటికొచ్చాడు. ఆఫీసుకొచ్చి విన్నాం: ఫ్యాను చప్పుడు, కుశల ప్రశ్నలు, పార్టీ ఊళ్ళో ఎట్లుందన్న పరామర్శ, తర్వాత నిశ్శబ్దం, చివర "సరే పోయిరాప్పా, మంచే జరుగుతాది" అన్న దీవెన. డీఎస్పీ గారు రికార్డరు బల్ల మీద పెట్టి, ఇందులో లంచం ఎక్కడుంది ఖాదర్ అన్నారు. నిశ్శబ్దం ఉన్న చోట ఉంది సార్ అన్నాను. ఆయన నవ్వలేదు. నిశ్శబ్దాన్ని జడ్జిగారికి వినిపించలేం అన్నారు.

రెండు రోజులు దాన్నే నమిలాను. దారి చూపించింది కూడా మా నాన్న వృత్తే. తువ్వాలు కింద బేరానికి ఒక కట్టుబాటు ఉంది. వేలు పట్టి ఇద్దరూ ఒప్పుకున్నాక ధర తగ్గకూడదు. తగ్గిస్తే ఆ దలాలి పరువు పోతుంది, మరుసటి సంతలో ఎవడూ వాడికి చెయ్యివ్వడు. "వేలు తగ్గించినోడు" అంటే మా మార్కెట్లో తిట్టు కింద లెక్క. మా నాన్న ఎవరి మీదా గొంతు లేపి ఎరగడు. కానీ ఒకడు ఒప్పుకున్నాక ఒక వేలు తగ్గించమన్నాడని, యార్డంతా వినేలా ధర పైకి అరిచి గొడవ చేయడం నేను కళ్ళారా చూశాను. డబ్బు కోసం కాదు, మాట పోతుందని. మద్దిలేటి పార్టీ మనిషి ఎంతవరకో గానీ, రక్తంలో మాత్రం దలాలి.

పైగా ఈరన్న తేగలిగింది ఇరవై వేలే. ట్రాప్‌కు వాడే డబ్బు ఫిర్యాదుదారే తెచ్చుకోవాలి, తర్వాత శాఖ తిరిగిచ్చేస్తుంది. అతను చేతులు నలుపుకుంటూ తక్కువైంది సార్ అంటే, తక్కువైందే మంచిదయింది అన్నాను. అతనికి చెప్పాల్సిన మాట నేర్పలేదు. నేర్పితే అది వల కాదు, నాటకం అవుతుంది. లేనిది లేదని గట్టిగా చెప్పు, తగ్గించమని అడుగు, మద్దిలేటి మొండికేస్తే మాట్లాడనివ్వు అన్నాను. అంతే.

ఆ రోజు పొద్దున ఆదోని గెస్ట్‌హౌస్‌లో ముందస్తు తతంగం జరిపాం. వేరే శాఖల ఉద్యోగులు ఇద్దరు మధ్యవర్తులుగా వచ్చారు. నోట్లకు ఫినాప్తలీన్ అనే తెల్లపొడి రాశాం. కంటికి కనిపించదు. ఆ పొడి అంటిన చేతిని సోడా కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. అది మధ్యవర్తులకు చేసి చూపించి, అంతా రాయించి సంతకాలు తీసుకున్నాం. ఈరన్న చొక్కా లోపల మళ్ళీ రికార్డరు పెట్టాం. పని కాగానే తలగుడ్డ తీసి దులపమని అతనికి గుర్తు చెప్పాం.

బయలుదేరబోతూ ఈరన్న నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "సార్, దీంతో మా పార్టీకి చెడ్డపేరు వస్తాదా?"

నాకు ఒళ్ళు మండింది. ఎద్దు అమ్ముకోబోయిన మనిషికి ఎద్దు దిగులు లేదు, పార్టీ దిగులు! కానీ అబద్ధం చెప్పే అలవాటు లేదు నాకు. వస్తుంది, దాచను, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు అన్నాను.

"పుండు కోస్తే నెత్తురు రాకుండా ఉంటాదా సార్? రానీ. పాండి."

మార్కెట్ యార్డులో పత్తి బస్తాల ఆటోలు బారులు తీరి ఉన్నాయి. డబ్బు అక్కడికే తెమ్మని ఈరన్నకు కబురు పెట్టిన మద్దిలేటి ఒక కమిషన్ దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. మధ్యవర్తుల్లో ఒకాయన పత్తి అమ్మవచ్చిన రైతులాగా వెనకే నిలబడ్డాడు. నేను ఎదుటి షెడ్డులో. ఈరన్న వెళ్ళి కూర్చున్నాడు. కండువా పరుచుకుంది. మద్దిలేటి నోట్లను చేత్తో ముట్టలేదు. ఈరన్న చేతిలోంచి కండువాతోనే పట్టి, గుడ్డ పైనుంచి మందం నొక్కి చూశాడు. మొహం మారింది. ఈరన్న గొంతు నాకు వినిపించింది: "అన్నా, రెండు పదులే తెచ్చినా. ఒక యేలు తగ్గించుకో. మన పార్టీ మనిషినే గదా."

ఆ తర్వాత మాటలు నాకొక్కడికే కాదు, పక్క దుకాణం గుమాస్తాకు కూడా వినిపించాయి.

"ఏమప్పా, పట్టిన యేలు తగ్గించేకి ఇది మేకల సంత అనుకుంటివా? నా చేతిలో ఇంతవరకు ఒక్కడూ యేలు తగ్గించలే! ముప్పై అంటే ముప్పై వేలే. ఆయా పోస్టు ఊరికే వస్తాదా? ఆఫీసోళ్ళతో మాట్లాడి ఇప్పిస్తాండేది నేను. మిగిలిన పది తెచ్చియ్యి, లేకుంటే ఇంకొకరికి పోతాది సూడు."

ఈరన్న తలగుడ్డ తీసి దులిపాడు. ఆ దులపడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

చుట్టుముట్టి, మేమెవరమో చెప్పి, చేతులు కడిగించాం. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, రంగు మారలేదు. మద్దిలేటి నన్ను చూసి నవ్వాడు. "సూసుకోండి సార్, కడిగిన ముత్యం." అప్పుడు కండువా ఇమ్మన్నాను. నవ్వు పోయింది. "అది పార్టీది సార్, దాన్ని ముట్టద్దు" అన్నాడు. కండువా మడతలోంచి నోట్లు బయటికి తీసి, కొత్త సోడా నీళ్ళలో కండువా అంచు ముంచాం. గిన్నె నిండా గులాబీ. కండువాను ఆరబెట్టి, కవరులో పెట్టి, మధ్యవర్తుల సంతకాలతో సీలు వేశాం. కేసులో ముఖ్యమైన సాక్ష్యం అదీ, రికార్డరులోని ఆ అరుపూ.

ఇక్కడిదాకా పోలీసు పని. అనుచరుడి మీద కేసు పడితే పార్టీకి ఏమవుతుందో నేను చూసింది ఆ తర్వాతే.

మరుసటి రోజు ఎమ్మెల్యే విలేకరులతో, మద్దిలేటి అనే పీఏ నాకెవడూ లేడు, వాడికీ పార్టీకీ సంబంధం లేదు అన్నారు. ఊరంతా ఉన్న ఫ్లెక్సీల్లో ఆయన ఫొటో కిందే మద్దిలేటి దండం పెడుతూ ఉన్నాడు. అందుకని ఎవరో బ్లేడు పెట్టి ఆ ముఖాలు కోసుకుపోయారు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా దారి పొడుగునా ఫ్లెక్సీలకు గుండ్రటి కన్నాలు. ఆ కన్నం చూసినవాడికి ఫొటో కన్నా బాగా గుర్తొచ్చేవాడు మద్దిలేటి.

అంతలోనే కొందరు కార్యకర్తలు గెస్ట్‌హౌస్ ముందు కూర్చుని నినాదాలు. దేనికయ్యా అంటే, పార్టీ కండువాను నీళ్ళలో ముంచి అవమానించినారట! కండువా తిరిగి ఇచ్చెయ్యాలట! ఇంకా నయం, గిన్నె మీద కేసు పెట్టమనలేదు. నేను బయటికొచ్చి గట్టిగానే చెప్పాను: కండువా భద్రంగా ఉంది, కోర్టులో అడిగి తీసుకోవచ్చు, ఎవరిదో చెప్పి సంతకం పెట్టినవాడు తీసుకుపోవచ్చు, ఎవరు పెడతారు? మద్దిలేటి మా మనిషి కాదని పొద్దునే చెప్పారు. అతని భుజం మీది కండువా మాదే అని సంతకం ఎలా పెడతారు? ఒక్కడూ ముందుకు రాలేదు. మధ్యాహ్నానికి లేచి వెళ్ళిపోయారు.

ఆ వారంలో ఆలూరు వైపు వెళ్ళే షేరు ఆటోలో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. అదే పార్టీ కార్యకర్త. నన్ను గుర్తుపట్టి, మెల్లగా అన్నాడు: "సార్, పట్టిచ్చినారు, మంచిదే. కానీ మా పెద్దాయన ఆయప్ప మా మనిషే కాదంటాండాడు. అట్లయితే నేనిచ్చింది ఎవరికి సార్?" ఫిర్యాదు ఇస్తావా అంటే తల అడ్డంగా ఊపి దిగిపోయాడు. అలాంటివాళ్ళు తర్వాత నాకు చాలామంది తగిలారు. మద్దిలేటి తప్పు చేశాడని పెద్దాయన ఒక్క మాట అని ఉంటే వీళ్ళు బాధితులయ్యేవాళ్ళు. మా వాడే కాదనేసరికి తెలివితక్కువ వాళ్ళయ్యారు. మనిషి నష్టాన్ని ఓర్చుకుంటాడు, తనను వెర్రివాణ్ణి చేస్తే ఓర్చుకోడు.

సంతలో ఎగతాళి కూడా మొదలైంది. ఎవడైనా ఆ కండువా వేసుకుని కనిపిస్తే చాలు, "ఏమప్పా, కింద ఎన్ని పట్టినావు?" అని అరుపు. అవతలి పార్టీ వాళ్ళు పెట్టిన మీటింగులూ, చేసిన ఆరోపణలూ ఈ ఒక్క ఎగతాళి చేసినంత పని చేయలేదు. మెడల్లోంచి కండువాలు జేబుల్లోకి పోయాయి, జేబుల్లోంచి ఇళ్ళల్లోకి.

ఈరన్న ఊళ్ళో మాత్రం తేలిగ్గా పోలేదు. సొంత పార్టీ వాళ్ళే ద్రోహి అన్నారు. నలుగురు గడ్డపారలు పట్టుకుని ఇంటి ముందరి జెండా దిమ్మె పగలగొట్టడానికి వచ్చారు. ఈరన్న దాని మీద ఎక్కి కూర్చున్నాడట. "ఇటికె నాది, సిమెంటు నాది, కట్టిన చెయ్యి నాది. జెండా మీదంటే ఎత్తుకపోండి" అన్నాడట. వాళ్ళు జెండా పీక్కుని వెళ్ళారు. ఇతను ఎమ్మిగనూరు పోయి అదే పార్టీ జెండా కొత్తది కొనుక్కొచ్చి కట్టాడు. ఇదంతా సమన్లు తీసుకోవడానికి వచ్చినప్పుడు చెప్పాడు. పక్కనే ఉన్న ఉలిగమ్మ, "పిచ్చి ముదిరింది సార్" అంది. కానీ దిమ్మె మీద ఆమె కూడా ఎక్కి కూర్చుందని అతనే బయటపెట్టాడు.

ఎన్నికలొచ్చాయి. పోలింగు ఏజెంటు కాగితం మీద అభ్యర్థి తరఫువాళ్ళు సంతకం పెట్టాలి. ఈరన్నకు పెట్టేది లేదన్నారు. తీరా చూస్తే ఆ ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల కొన్ని ఊళ్ళల్లో కూడా కూర్చోవడానికి మనిషి దొరకలేదు. పొలం పనంటాడొకడు, నడుము నొప్పంటాడు ఇంకొకడు. చివరికి సంతకం పెట్టిన కాగితం పట్టుకుని ఈరన్న ఇంటికే వచ్చారు. కూర్చుంటానన్నాడు, ఒక్క షరతు. మద్దిలేటి మా మనిషే, తప్పు చేసినాడు అని ఈ దిమ్మె కాడ నిలబడి ఊరికి చెప్పండి అన్నాడు. వాళ్ళు ఫోన్లు చేశారు, మంతనాలాడారు, ఆ మాట తప్ప అన్నీ చెప్పారు. ఈరన్న కాగితం తిరిగిచ్చేశాడు. ఆ బూత్‌లో ఆ పార్టీ కుర్చీ రోజంతా ఖాళీగా ఉంది. అక్కడ ఆ నాయకుడు ఓడిపోయాడు. ఈ కేసు వల్లే ఓడాడని నేననను. ఓటమికి కారణాలు పది ఉంటాయి. కుర్చీ ఖాళీగా ఉండటానికి మాత్రం కారణం ఒక్కటే.

విచారణ కర్నూలు ప్రత్యేక కోర్టులో జరిగింది. మధ్యవర్తులు ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. రికార్డింగు వినిపించారు. కండువాను కవరు విప్పి బల్ల మీద పెట్టారు. మద్దిలేటి తరఫు వకీలు దాన్ని ఎత్తి చూపించి, ఇలాంటివి వేలమంది దగ్గరున్నాయి, నీ ఇంట్లోనూ ఉంది కదా అని ఈరన్నను అడిగాడు. ఉంది అన్నాడు. నువ్వు అవతలి పార్టీకి అమ్ముడుపోయి ఈ కేసు పెట్టావు, పార్టీ మారావు, అవునా కాదా అని గద్దించాడు. కోర్టు హాలు వెనక బెంచీల్లో ఆ పార్టీ వాళ్ళు చాలామందే ఉన్నారు. ఈరన్న వకీలును చూడలేదు, వాళ్ళ వైపు తిరిగాడు.

"నేను మారలేదు సామీ. నా ఇంటి ముందర జెండా ఇప్పుడూ అదే. మా పార్టీలోకి సంత తెచ్చింది ఆయప్ప. ఆయప్పను మా మనిషి కాదన్నోళ్ళు ఈడే కూర్చున్యారు. ఆ కండువా ఎవరిదో వాళ్ళను అడగండి."

జడ్జిగారు ఆ జవాబును ఉన్నదున్నట్టు రాయించారు.

మద్దిలేటికి శిక్ష పడింది. అప్పీలు పై కోర్టులో ఉంది, దాని గురించి నేను మాట్లాడకూడదు. ఆగిన నియామకం మళ్ళీ నడిచి, రూలు ప్రకారం ఉలిగమ్మకే పోస్టు వచ్చింది. ఎద్దులు రెండూ ఇంట్లోనే ఉన్నాయి.

తర్వాత నేను డీఎస్పీనయ్యాను, రిటైరయ్యాను. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లు అడిగితే ఒక మాట చెప్పేవాణ్ణి, ఇప్పుడూ అదే చెబుతాను. నాయకుడి మనిషి మీద ఫిర్యాదు వస్తే, ఫిర్యాదుదారు ఏ పార్టీవాడో ముందు కనుక్కోండి. అవతలి పార్టీవాడైతే తొందరపడండి, ఎన్నికలయ్యాక అతను రాజీకొచ్చేస్తాడు. సొంత పార్టీవాడైతే నిదానంగా, పక్కాగా చేయండి. అతను తీర్పు వచ్చేదాకా కోర్టు మెట్లెక్కుతూనే ఉంటాడు.